తోడని బావి

ఇండూరు దాటి మట్టిదారి పట్టి వెళితే వచ్చే ఆ పల్లెలో ఏ బావిలో నీళ్ళు కొలవాలన్నా మేనక టేపును చివరిదాకా వదలవలసి వచ్చేది. ఒక్కోసారి టేపంతా అయిపోయినా నీళ్ళు తగిలేవి కావు. టేపు కొసన కట్టిన ఇనప గుండు కింద బండమీద టంగుమని మోగేది. ఆ చప్పుడు విని గట్టుమీద నిలబడ్డ రైతు ముఖం పక్కకు తిప్పుకునేవాడు. ఆమె చాక్‌పీసు రాసిన టేపును పొడిగానే పైకి చుట్టుకుని, తర్వాతి బావికి నడిచేది.

అది రెండువేల మూడు. వానలు మొండికేసి మూడో ఏడు. తమిళనాడు ధర్మపురిలో ఒక మిద్దె మీద చిన్న ఆఫీసు పెట్టుకున్న పరిశోధన సంస్థలో మేనక ఉద్యోగం. ఏ సేద్యం నాలుగు కాలాలపాటు నిలుస్తుంది, ఏది నేలనూ నీళ్ళనూ తినేసి తానూ పడిపోతుంది అన్నది కొలిచి చెప్పడం వాళ్ళ పని. మట్టిలో సారం, బావిలో నీటిమట్టం, పంటల తీరు, పశువులు, ఇంటిల్లిపాది తిండి, అన్నీ కలిపి ఒక్కో కమతానికి ఒక అంకె కట్టేవారు. ఆ అంకెల్ని చూసి రేపు ప్రభుత్వం దేనికి చేయూతనివ్వాలో, దేన్ని మాన్పించాలో తేల్చుకుంటుందని ఆఫీసు పెద్ద సుబ్బరాయన్ నమ్మకం. ఆ నమ్మకంతోనే ఆయన జుట్టు నెరిసింది.

హనుమంతప్ప తోటకు మేనక మొదటిసారి వెళ్ళింది మిట్టమధ్యాహ్నం వేళ. బావి గట్టుమీద వంగి టేపు వదిలింది. రెండు బారలైనా దిగిందో లేదో, గుండు నీళ్ళలో మునిగింది. ఆమె నమ్మలేక తిరిగి వదిలింది. నిజమే. పక్క పొలాల బావులన్నీ అడుగు తేలి పగుళ్ళు చూపిస్తుంటే ఇక్కడ నీళ్ళు నల్లగా, కదలకుండా, నిండుగా ఉన్నాయి. పక్కనే మోటారు గది. లోపల మోటారు లేదు, గోడకు తేనెతుట్టె వేలాడుతోంది. ఆ ఎండలో ఏ ఊళ్ళోనైనా పిల్లలు బావిలో దూకి ఈదుతుంటారు. ఇక్కడ గట్టుమీద పాదాల గుర్తయినా లేదు. విస్తరాకులో ఒక రాగిసంకటి ముద్ద, పక్కన ఒక బీడీ మాత్రం పెట్టి ఉన్నాయి.

"ఎవరికవ్వా ఇది?" అని అడిగింది మేనక, పేడతట్ట నెత్తిన పెట్టుకుని వస్తున్న హనుమంతప్ప భార్య నంజమ్మను.

"ఈ పొద్దు అమాస గదా పాపా," అంది నంజమ్మ. తట్ట దించకుండానే దిబ్బ వైపు నడిచింది.

వాళ్ళు వానమీదే సామలు, ఉలవలు, రాగులు పండించుకుంటున్నారు. రెండు ఆవులు, కొన్ని గొర్రెలు. ఎరువంతా పశువులదే. మూడేళ్ళ కరువులో పంట తగ్గింది గాని పొలం పొలంగానే ఉంది. మట్టి చేతిలోకి తీసుకుంటే పిండిలా రాలిపోకుండా ముద్ద కట్టింది. మేనక అన్నీ కొలిచింది. తీసుకున్న కమతాలన్నిట్లోకి హనుమంతప్పదే అందరికన్నా పై అంకె అయింది. రెండో స్థానం చాలా దూరంలో ఉండిపోయింది.

సుబ్బరాయన్ ఆ కాగితం చూసి కుర్చీలోంచి లేచాడు. ఆయన తమిళుడు, మాట మెత్తన.

"చూశావా మేనకా, నేను ఇన్నేళ్ళూ చెబుతున్నది ఇదే. వానతో సర్దుకుని బతికే మనిషి ఇక్కడే ఉన్నాడు. ఇది చెన్నైలో మీటింగులో పెడదాం. ఆయన నీళ్ళెందుకు తోడటం లేదో మాత్రం ఆయన నోటితోనే కనుక్కో. వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న అదే."

మరుసటి నెల మేనక వెళ్ళినప్పుడు హనుమంతప్ప గట్టుకు దూరంగా వేపనీడన కూర్చుని తాడు పేనుతున్నాడు. బక్కపలచని మనిషి, భుజాలు మాత్రం వెడల్పు. ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"తాతా, బాయిలో అన్ని నీళ్ళుండాయి. పంటలెండిపోతా ఉన్నా మీరు తోడరు. ఎందుకు తాతా?"

అతను తాడు పేనడం ఆపలేదు. కొంచెంసేపటికి తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు.

"తెలుగు బాగా మాట్లాడతా ఉండావు. ఎవరి బిడ్డవి పాపా నువ్వు?"

"మాది మొరప్పూర్. మా నాయిన పేరు ఆంజనేయన్. ముందు బావులు తవ్వేవాడు."

హనుమంతప్ప చేతుల్లో తాడు పురి విడిపోయింది. అతను లేచి నిలబడ్డాడు.  తువ్వాలు భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా పొలం గట్లవెంట వెళ్ళిపోయాడు. మేనక చాలాసేపు అక్కడే కూర్చుంది. బావి వైపునుంచి చల్లని గాలి వస్తున్నట్టనిపించింది, ఆ ఎండలో, ఆకు కదలని ఆ ఎండలో.

*

ఆంజనేయన్‌కు రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని మాటకొక దగ్గు. బావుల పని ఏనాడో మానేసి బెంగుళూరులో కట్టడాల్లో మేస్త్రీగా చేసి, ఇప్పుడు మొరప్పూర్ ఇంట్లోనే ఉంటున్నాడు. అరుగుమీద కూర్చున్న తండ్రికి మేనక ఊరి పేరూ, మనిషి పేరూ చెప్పింది.

అతను అడిగింది ఒక్కటే. "నీళ్ళు యాడికుండాయి?"

"పైకే ఉండాయి నాయినా. రెండు బారలు గూడా లేదు."

ఆంజనేయన్ కళ్ళు మూసుకున్నాడు. "అట్లయితే ఇంకా కిందే ఉండాడు."

మేనకకు చిన్నాయన మణివణ్ణన్ ముఖం గుర్తులేదు. ఆమె నడక నేర్చిన కొత్తలో అతను బావిలో పోయాడని తెలుసు. ఇండూరు పక్క ఏదో బావి అని తెలుసు. ఏ బావి అని ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు, ఆమె కూడా అడగలేదు.

"రాతిని పేల్చేదానికి వెడిమందు పెట్టినాము," అన్నాడు ఆంజనేయన్. "అన్నీ పేలినాయి, ఒగటి పేల్లేదు. నేను చూస్తాను ఉండన్నా అని వాడు దిగినాడు. వాడు కాలు పెట్టినాకనే అది పేలింది. ఇంటంత బండ విరిగి పడింది. పడినచోట్నుంచే ఊట పొంగింది మేనకా. అన్ని నీళ్ళు నేను ఏ బాయిలోనూ చూళ్ళేదు. హనుమంతప్ప ఊళ్ళో ఉండే ఇంజన్లన్నీ తెచ్చి పగలూ రేయీ తోడించినాడు. నీళ్ళు తగ్గలేదు, వాడు దొరకలేదు. ఆఖరికి ఆయప్ప గట్టుమీద మట్టి తీసి నోట్లో ఏసుకొని ఒట్టు పెట్టి, ఈ నీళ్ళు నాకొద్దు అన్నాడు. మోటారు పీకేసినాడు."

దగ్గు తెర వచ్చి మాట ఆగిపోయింది. అప్పుడు మేనక చూసింది, గడపలో చిన్నమ్మ నిలబడి ఉంది. మణివణ్ణన్ భార్య చిన్నపొన్ను. ధర్మపురిలో ఇటుకలు మోసే పనినుంచి అప్పుడే వచ్చింది. నెత్తిమీది చుట్టగుడ్డయినా తీయలేదు.

"ఒగ దినం నన్ను తీసకపో," అంది మేనకతో. అంతే అని లోపలికి పోయి పొయ్యి ముట్టించింది.

*

మేనక సుబ్బరాయన్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు.

"నాకు చాలా బాధగా ఉంది," అన్నాడు. "కానీ మేనకా, నీళ్ళు ఉన్నది నిజమే గదా? మట్టి బాగున్నదీ నిజమే."

"నిజమే సార్. కానీ మనం కొలుస్తున్నది నిలకడ. ఆ ముసలాయన దుఃఖం మీద నిలబడింది ఆ అంకె. రేపు ఆయన పోతే, కొడుకు మోటారు పెడతాడు. రెండేళ్ళలో ఆ బావీ మిగతావాటిలాగే అవుతుంది. దాన్ని చూపించి, ఇలా చెయ్యండని ఊరికి ఎట్ల చెబుతాం? ఊరికొకరు బావిలో చావాలా?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. ఆమె కూడా తన మాటకు తానే బెదిరింది.

"మిగతావాళ్ళ సేద్యం మాత్రం దేనిమీద నిలబడింది?" అన్నాడాయన మెల్లగా. "ఇంకొంచెం లోతుకు బోరు వేస్తే నీళ్ళు పడతాయన్న ఆశ మీద. ఆశకన్నా దుఃఖమే గట్టిదేమో. సరే, కారణం కూడా రాయి. నాకు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియదు, కానీ రాయి."

అయితే అప్పటికే ఒక మాట ఆమె నోరు దాటిపోయింది. అంతకుముందు వెళ్ళినప్పుడు హనుమంతప్ప కొడుకు శరవణన్ దారిలో కలిసి, మా తోట ఎట్లుంది మేడం అని నవ్వుతూ అడిగాడు. అతను పక్క ఊళ్ళో నేల గుత్తకు తీసుకుని టమాటా వేసి, పాలకోడు మార్కెట్‌కు తోలేవాడు. ఆ ఏడు అక్కడి బోరు ఎండిపోయి తోట తోటంతా మాడిపోయింది. "మీదే అన్నిట్లోకి పైన ఉందన్నా, నీళ్ళు కూడా పుష్కలం," అని మేనక సంతోషంగా చెప్పింది. ఆ మాటే అతను తండ్రి ముందు పెట్టాడు. "చదువుకున్నోళ్ళు కొలిచి చెప్పినారు, మన బాయే ఫస్టంట. నీళ్ళు పెట్టుకొని చేనెండబెట్టేది నువ్వొగడివే," అని తండ్రిమీద గొంతు లేపాడు. హనుమంతప్ప లేచి గొర్రెల దగ్గరికి పోయాడట. శరవణన్ మోటారు తెచ్చాడు.

ఆ కబురు చెప్పింది నంజమ్మే, ఇండూరులో బస్సు కోసం నిలబడ్డ మేనక చెయ్యి పట్టుకుని. "శుక్రారం పెడతాడంట పాపా. మీవాళ్ళకు చెప్పకుండా పెట్టేది న్యాయం కాదు. తీసకరా."

*

ఆంజనేయన్ ఇండూరు దాకా వచ్చాడు. బస్సు దిగి నాలుగడుగులు వేసి, టీ అంగడి బెంచీమీద కూలబడిపోయాడు. "మీరు పోయి రాండి. నాతో కాదు," అన్నాడు. చిన్నపొన్ను బావను ఒకసారి చూసి నడక సాగించింది.

వాళ్ళు చేరేసరికి మోటారు ఆడుతోంది. తేనెతుట్టె లేదు, గోడమీద పొగచూరిన మరక ఉంది. పైపునుంచి నీళ్ళు ఉరికి కాలువలో పడుతున్నాయి. హనుమంతప్ప మోటారు గది గోడకు ఆనుకుని, బావికి వీపు పెట్టి కూర్చున్నాడు. చిన్నపొన్నును చూసి లేవబోయాడు. ఆమె వద్దన్నట్టు చెయ్యి ఊపింది. నంజమ్మ వచ్చి ఆమె పక్కన నిలబడింది. 

మేనక టేపు పట్టుకుని గట్టుమీద వంగింది. ఏదో ఒక పని చేతిలో లేకపోతే నిలబడలేననిపించింది. అప్పుడు ఊరి ఇంజన్లన్నిటికీ తగ్గని నీళ్ళు, చుట్టూ బోర్లు ఊటను లాగేశాక ఒక్క మోటారుకే దిగుతున్నాయి. ఇన్నేళ్ళుగా ఎండ తగలని గోడ పచ్చగా, జిగటగా బయటపడుతోంది. దిగేకొద్దీ వాసన మారింది. మొదట నాచు వాసన, తర్వాత తడిరాతి వాసన, ఆ తర్వాత ఇనుములాంటి మరేదో వాసన. రాతిమీద ఉలి గాట్లు నిన్ననే కొట్టినట్టు పదునుగా ఉన్నాయి. వాటిలో సగం తన తండ్రి చేతివి, సగం చిన్నాయన చేతివి. ఏవి ఎవరివో ఎవరు చెప్పగలరు?

మధ్యాహ్నం దాటాక ఒక వెడల్పాటి రాతిమెట్టు తేలింది. దాని పగులులో ఒక గడ్డపార నిలువునా గుచ్చుకుని ఉంది. తుప్పు తిని సన్నబడింది. ఎవరో ఒక్క నిమిషం పక్కకు పోతూ అక్కడ నిలబెట్టి పోయినట్టుంది. మెట్టు కింద నీళ్ళలో ఏదో పెద్ద నీడ. ఆనాడు విరిగిపడ్డ బండ వెన్ను అది. ఇంకాసేపు తోడితే అది కూడా బయటపడుతుంది.

"చిన్నమ్మా, పక్కకు రా," అంది మేనక. ఆమె కదలలేదు.

అప్పుడే త్రీఫేజు కరెంటు పోయింది. మోటారు మూలిగి ఆగింది. ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దం పడిందంటే, గోడలనుంచి చుక్కలు రాలే చప్పుడు ఒక్కొక్కటీ వినిపించింది. చిన్నపొన్ను గట్టు అంచున మోకాళ్ళమీద కూర్చుంది. బతికుండగా మొగుడి పేరు ఎత్తని మనిషి. ఇన్నేళ్ళూ "ఆయప్ప" అనే తప్ప ఇంకోలా అనని మనిషి. ఆమె రెండు చేతులూ రాతికి ఆనించి, లోపలికి వంగి పిలిచింది.

"మణివణ్ణా!"

బావి ఆ పేరును తిరిగి పలికింది. ఇంకోసారి కూడా పలికింది. రెండోది ఆలస్యంగా, ఎక్కడో లోపలి అరలోంచి వచ్చినట్టు, కొంచెం గొంతు మారి వచ్చింది.  శరవణన్ స్టార్టరు మీదినుంచి చెయ్యి తీసేశాడు. 

"అక్కా," అన్నాడు అతను. "దిగి చూడమంటే దిగుతాను. క్రేను పిలిపించి బండ తీయమంటే తీయిస్తాను. నువ్వు ఎట్ల చెబితే అట్ల."

చిన్నపొన్ను లేచి కొంగుతో ముఖం తుడుచుకుంది. 

"తీయొద్దు సామీ. ఇంత కాలం మీ నీళ్ళలోనే ఉండాడు. ఇంగ ఎండలో పెట్టొద్దు ఆయప్పను." ఆగి, కాలువలో పారుతున్న చివరి నీళ్ళవైపు తిరిగింది. "నీళ్ళకోసమే దిగినాడు. నీళ్ళొచ్చినాయి. మీరు తోడుకోకపోతే ఆయప్ప చేసిన పని ఏమైనట్టు? తోడుకో. ఆ మెట్టు కనపడేదాకా తోడుకో. మెట్టు తేలినాక ఆపెయ్యి. అంతే నేనడిగేది."

గోడవారన హనుమంతప్ప తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఇరవయ్యేళ్ళ ఏడుపు అది, చప్పుడు లేకుండా వచ్చింది. నంజమ్మ చిన్నపొన్నును లోపలికి తీసుకుపోయి సంకటి, ఉలవచారు పెట్టింది. ఆమె కడుపునిండా తింది. 

*

చెన్నైలో మీటింగు జరిగింది. సుబ్బరాయన్ ఆ కథ కూడా చెప్పాడట. ఒక పెద్ద అధికారి విని, బాగుంది, కానీ ఇంతకన్నా కిందికి తోడం అనే గీత మిగతా రైతుల చేత ఎలా గీయిస్తారు అని అడిగాడట.  చివరికి సామల విత్తనాలు పంచే పథకం ఒకటి వచ్చింది. ఏమీ లేనిదానికన్నా అది మేలే.

మేనక నెలనెలా కొలవడం మానలేదు. హనుమంతప్ప కమతం అంకె తగ్గింది. రెండు చెక్కల్లో టమాటా, మిగతాదంతా సామలే. నీటిమట్టం మునుపటిలా పైకి రాలేదు, అలాగని అడుగంటనూ లేదు. పక్క రైతులు బోర్లు ఇంకా లోతుకు దించుతూనే ఉన్నారు.

ఆ మరుసటి ఏడు ఎండాకాలంలో ఆమె వెళ్ళేసరికి టమాటా సగం వాడిపోయి ఉంది. కాయలు చెట్లమీదే ముడుచుకున్నాయి. శరవణన్ కాలువగట్టుమీద ఊరకే కూర్చున్నాడు. మోటారు ఆగి ఉంది. కరెంటు మాత్రం ఉంది.

"ఇంకొక్క తడి ఇస్తే పంట చేతికొచ్చేది గదన్నా?" అంది మేనక.

"వచ్చేది." అతను కాళ్ళకేసి చూసుకున్నాడు. "ఇయ్యబోయినాను గూడా. చెప్పకేం, మొన్న మెట్టు తేలినాక కొంచేపు అట్లే వదిలినాను. ఎవురు చూడొచ్చినారు అనుకొంటి. మోటారు సద్దులో టక్, టక్ అని వినపడింది. సమ్మెట దెబ్బ మాదిరి. బేరింగు పోయిందేమో అని ఆపినాను."

"మరి?"

"ఆపినాక గూడా వినపడింది మేడం. కొంచేపు. ఆమీదట ఆగిపోయింది." అతను తలెత్తి ఆమె కళ్ళలోకి చూశాడు. నవ్వులాట లేదు అందులో. "మా నాయినకు చెప్పలేదు. మీ చిన్నమ్మకు చెప్పొద్దు."

మేనక బావి దగ్గరికి వెళ్ళింది. టేపు వదలడానికి చేతులు రాలేదు. కాసేపు చెవి ఒగ్గి వింది. పిట్ట అరుపు, దూరంగా ఏదో బోరు లారీ రొద, అంతే. టేపు వదిలింది. గుండు నీళ్ళలో మునిగినప్పుడు తాకీ తాకనట్టు ఒక చిన్న లాగుడు చేతికి తెలిసింది. నీళ్ళ బరువే అయ్యుంటుంది. పైకి చుట్టుకుని, తడి ఎక్కడిదాకా వచ్చిందో చూసి రాసుకుంది. మెట్టు మీదికి నీళ్ళు తిరిగి ఎక్కాయి.

మొరప్పూర్ చేరేసరికి పొద్దు వాలుతోంది. చిన్నపొన్ను అరుగుమీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. అన్నాళ్ళూ మేనక ఉద్యోగమేమిటో ఒక్కసారి అడగని మనిషి, ఆ శుక్రవారంనుంచి ప్రతి నెలా ఒక మాట మాత్రం అడుగుతోంది. నీళ్ళెంతున్నాయి అని కాదు.

"ఈ నెల ఎట్లుండాడు?" అంది చేటలోంచి తలెత్తకుండా.

మేనక చెప్పులు విడిచి, ఆమె పక్కన కూర్చుంది.

"బాగుండాడు చిన్నమ్మా. మెట్టు మునిగే ఉంది."

చిన్నపొన్ను తలూపి, ఒక రాయి ఏరి వాకిట్లోకి విసిరింది.